వెయ్యి లెక్కా? క్వింటాలు లెక్కా?
కొబ్బరి కొట్లో కొత్త గుమాస్తా తొలి పాఠం

అంబాజీపేట: కోనసీమ కొబ్బరి వర్తకానికి పేరుపడిన ఈ మార్కెట్టులో గుమాస్తా పనికి కుదిరిన కుర్రవాడు ముందుగా నేర్చుకోవలసింది చిట్టా రాయడం కాదు, మాట పోల్చుకోవడం. కాలేజీలో కామర్సు చదివి వచ్చినా, "గండేరా ఎంత? గటగట ఎంత?" అని ఫోనులో ఎవరైనా అడిగితే మొదటి వారం నీళ్లు నమలవలసిందే.

నీరున్న కాయ నీటికాయ. అందులో పాతదానికి ముక్కుడు అని పేరు. ముదురు కాయను ఒలవకుండా నెలల తరబడి అటక మీద నిల్వ చేస్తే నీరు ఇంకిపోయి, లోపలి కొబ్బరి టెంకను వదులుతుంది. ఊపితే గుండులా కదులుతుంది. అదే కురిడీ. గండేరా, గటగట అనేవి కురిడీలో రకాలు. ధరలో గండేరాది పైచేయి. ఇక కాయను పగులగొట్టి ఎండబెట్టిన కొబ్బరి నూనె మిల్లులకు పోతుంది.

పేర్లు వంటబట్టాక అసలు చిక్కు ఎదురవుతుంది. నీటికాయకు, కురిడీకి ధర వెయ్యి కాయల లెక్క. ఎండు కొబ్బరికి క్వింటాలు లెక్క. కేంద్రం మద్దతు ధర మాత్రం రెండింటికీ క్వింటాలు మీదనే ప్రకటిస్తుంది. 2025 సీజనుకు మిల్లు కొబ్బరికి రూ. 11,582, గుండు కొబ్బరికి రూ. 12,100 నిర్ణయించారు.

మార్కెట్టు ధర మద్దతు ధరకు పైన ఉన్నదా, దిగువన ఉన్నదా అని రైతు అడిగితే గుమాస్తా తూకం తెలియనిదే జవాబు చెప్పలేడు. వెయ్యి కురిడీల గుండ్లు 130 కిలోలు తూగాయనుకుందాం. 2025 మద్దతు ధర చొప్పున రూ. 15,730 అవుతుంది. కాయ చిన్నదై 100 కిలోలే తూగితే రూ. 12,100. వెయ్యికి తేడా రూ. 3,630. దింపు, ఒలుపు, మోత కూలీలు భరించి, నెలల తరబడి సరుకును అటక మీద కాచుకున్న రైతుకు ఇది చిన్న మొత్తం కాదు.

అందుకే అనుభవం గల గుమాస్తాలు ధర ఒక్కటే రాసి ఊరుకోరు. రకం, పాతదా కొత్తదా, వెయ్యా క్వింటాలా అన్న మూడు ముక్కలూ పక్కన వేస్తారు. పట్టీ అందుకునే రైతు సోదరులు కూడా మొత్తం చూసేముందు ఆ మూడింటినీ సరిచూసుకోవడం మేలు.