రాకడకు సిద్ధపాటు: ప్రవచనములు మనలను అడుగునదేమి?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతముల ఉజ్జీవ కూటములలో ప్రభువు రెండవ రాకడను గూర్చిన వర్తమానము తరచుగా వినబడును. యుద్ధములు, భూకంపములు, ఇశ్రాయేలు దేశపు వార్తలు వివరించుటకే సమయమంతయు గడచిపోవును. సిద్ధపడుడను పిలుపు చివరి ఐదు నిమిషములలో, ముగింపు ప్రార్థనకు ముందు వచ్చును. లేఖనముల కొలత వేరు. మత్తయి 24వ అధ్యాయములో గురుతులను చెప్పిన ప్రభువు, ఆ తరువాత దాసులు, కన్యకలు, తలాంతులు అంటూ ఉపమానము వెంట ఉపమానము సిద్ధపాటును గూర్చియే చెప్పెను.

సిద్ధపాటును గూర్చిన ప్రవచనములలో ముఖ్యమైనది యెషయా 40:3-5. రానున్న ప్రభువుకు బాట చదును చేయవలెనని అందులోని పిలుపు. మంత్రి వచ్చు దినమున రోడ్డు గుంతలు పూడ్చుట మన ఊళ్లలోను కలదు. వారము తిరుగక మునుపే అవి మరల తేలుటయు కలదు. లూకా 3వ అధ్యాయము ఈ ప్రవచనమును యోహాను పరిచర్యకు అన్వయించి, వెంటనే జనుల ప్రశ్నను మూడు పర్యాయములు వినిపించుచున్నది: మేమేమి చేయవలెను? (10, 12, 14 వచనములు). యోహాను జవాబులో తేదీలు లేవు. రెండు అంగీలున్నవాడు లేనివానికియ్యవలెను. సుంకరి నిర్ణయించినదానికి మించి వసూలు చేయరాదు. సైనికుడు బెదిరించి లాగుకొనక, తన జీతముతో తృప్తిపడవలెను. ఇది మొదటి రాకడకు చెందినదని కొందరందురు. అయితే 2 పేతురు 3:11-14 ప్రభువు దినము కొరకు కనిపెట్టువారినుండి అడుగునదియు పరిశుద్ధమైన నడతయే.

పాలమూరు కూలీలకు అడ్వాన్సిచ్చి దూరదేశపు పనులకు తీసికొనిపోవు గుంపు మేస్త్రీ మన ఆరాధనలో కూర్చున్నయెడల, యోహాను అతనితో ఏమనును? జవాబు తెలియుట కష్టము కాదు, పలుకుటయే కష్టము. అతని కానుకయు మన సంచిలోనే పడుచున్నది గదా!

ఈ విషయములో మన సంఘ చరిత్రయు బోధించుచున్నది. 1880లలో రష్యా దేశపు మెన్నోనైట్లలో క్లాస్ ఎప్ అనువాడు కొన్ని కుటుంబములను మధ్య ఆసియాలోని ఖీవా ప్రాంతమునకు నడిపించెను. క్రీస్తు 1889 మార్చి 8న వచ్చునని ప్రకటించెను. ఆ దినము గడచిపోగా 1891కి మార్చెను. అదే 1889లో, అదే రష్యా మెన్నోనైట్లలోనుండి అబ్రాహాము ఫ్రీసెన్, మరియ దంపతులు తెలుగు దేశమునకు బయలుదేరి నల్గొండలో పరిచర్య చేసిరి. పదేండ్లకు, అనగా 1899లో, అమెరికాలోని మెన్నోనైట్ బ్రదరన్ మిషనెరీలు హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి. నాగర్‌కర్నూల్, వనపర్తి వారి కేంద్రములాయెను. గద్వాలను 1937లో బాప్టిస్టు మిషనునుండి స్వీకరించిరి. ఇరుపక్షములవారును ఒకే ప్రభువు రాకడను నమ్మినవారే. ఒకరు తేదీ లెక్కించిరి, మరియొకరు ఓడ ఎక్కిరి. నేడు మనము కూర్చున్న మందిరములు ఎవరి ఫలమో వేరుగా చెప్పనక్కరలేదు.

పదిమంది కన్యకల ఉపమానములో ఒక సంగతి మన ప్రసంగములలో జారిపోవుచున్నది. పెండ్లికుమారుడు ఆలస్యము చేయగా బుద్ధిగలవారును నిద్రించిరి (మత్తయి 25:5). కనుక భేదము నిద్రలో లేదు, ముందుగా సమకూర్చుకొనిన నూనెలో ఉన్నది. దానికి ముందున్న ఉపమానములో, యజమానుడు వచ్చునప్పుడు దాసుడు చేయుచుండవలసిన పని తోటివారికి వేళకు అన్నము పెట్టుటయే (24:45-46). కాపరులు ఈ వచనమును తమ కొరకే వ్రాయబడినట్లు చదువవలెను.

థెస్సలొనీకలో ప్రభువు దినము వచ్చియున్నదను మాట కొందరిని కలవరపరచెను (2 థెస్స. 2:2). ఆ సంఘములోనే పని మానినవారును ఉండిరి; తమ పని తాము చేసికొని తమ అన్నము తినవలెనని పౌలు వారికి ఆజ్ఞాపించెను (3:10-12). మెట్ట సేద్యము చేయు మన విశ్వాసికి ఇది చిన్న సంగతి కాదు. ఒక్క కార్తె తప్పినయెడల ఆ యేటి పంటయే పోవును. ఎక్కడో ఒక బోధకుడు తేదీ చెప్పగా విని, మృగశిర కార్తెలో ఒక రైతు మన గడపకు వచ్చి "అయ్యగారూ, ఈ యేడు ఇత్తనం ఎయ్యాల్నా వద్దా?" అని అడిగినయెడల, ప్రార్థన చేద్దామని చెప్పి పంపివేయరాదు. మార్కు 13:32-34 అతనిచేతనే చదివించి, ఎవని పని వానికి నియమించి వెళ్లిన యజమానునిగూర్చి వివరించి, ఆ దినమే విత్తనములు తెచ్చుకొనుటకు పంపవలెను.