కూర తింటూ అన్నం నంజుకుంటే

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్లో పొద్దున్నే నిలబడితే థర్మల్ కేంద్రానికి షిఫ్టుకెళ్లేవాళ్ల చేతుల్లో క్యారియర్లు కనిపిస్తాయి. నాలుగు గిన్నెల క్యారియర్ విప్పితే కింది రెండింటిలో అన్నం. ఆ పైన పప్పో పులుసో. అన్నిటికంటే పైన, సగం నిండిన గిన్నెలో కూర, ఓ పక్కన ఆవకాయ ముద్ద. మాంసం ముక్క లేదు, గుడ్డు లేదు. అయినా అలాంటి క్యారియర్ తెచ్చుకునేవాళ్లలోనే నలభై దాటీదాటగానే బొజ్జ, దాని వెనకే షుగరు బిళ్లలు. "పుట్టినప్పటి నుంచి శాకాహారినే కదండీ, నాకెందుకొచ్చింది?" అని ఎంతమంది అడిగారో నన్ను. న్యాయమైన ప్రశ్న. సూటిగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

మైదా మొక్క నుంచి వచ్చిందే. పంచదారా మొక్కదే, పునుగులు వేగే నూనె కూడా. 2016లో హార్వర్డ్ పరిశోధకులు అమెరికాలో సుమారు 2 లక్షల మంది వైద్యరంగ ఉద్యోగుల తిండి లెక్కలను ఏళ్ల తరబడి గమనించి ప్రకటించిన ఫలితం ఇక్కడ గుర్తు చేయాలి. ముడి ధాన్యం, కూరగాయలు, పప్పులు, గింజలు, పండ్లు బాగా తిన్నవారిలో మధుమేహం ముప్పు 34 శాతం తక్కువగా తేలింది. పాలిష్ చేసిన ధాన్యం, తీపి పానీయాలు, మిఠాయిల వంటివి ఎక్కువగా తిన్నవారిలో 16 శాతం ఎక్కువగా తేలింది. రెండూ మొక్కల తిండే. కాబట్టి మాంసం మానారా లేదా అన్నది ఒక ప్రశ్నైతే, దాని చోట్లో ఏం పెట్టారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

చిన్న లెక్క ఒకటి వేద్దాం. పెద్దవాళ్ల ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. పరగడుపున షుగరు 100 ఉందంటే, ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో 100 మిల్లీగ్రాముల చక్కెర ఉందని అర్థం. మొత్తం రక్తానికి గుణిస్తే 5 గ్రాములు. ఒక టీస్పూను! ఇప్పుడు ఆ క్యారియర్ కింది రెండు గిన్నెల్లో 400 గ్రాముల అన్నం ఉందనుకుందాం. అది జీర్ణమైతే 110 గ్రాములకు పైగా చక్కెర. టీస్పూను పట్టే చోటికి ఇరవై టీస్పూన్లకు పైగా వచ్చిపడుతోంది. దాన్ని రక్తంలో పేరుకోనివ్వకుండా ఎప్పటికప్పుడు లోపలికి లాగేసే చోట్లు ముఖ్యంగా రెండు: కండరాలు, కాలేయం. ఇన్సులిన్ వాటి తలుపులు తీయిస్తుంది.

చిక్కు మన దగ్గర ఆ కండరాలతోనే. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ శాస్త్రవేత్త యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేసుకున్నారు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చూడ్డానికి సన్నగా ఉన్న భారతీయుడి లోపల కొవ్వు ఎక్కువ, కండ తక్కువ అని ఆ ఒక్క ఫొటో చెప్పేసింది. అందుకే మనకు బీఎంఐ 23 దగ్గరే జాగ్రత్త గీత పెట్టారు. నడుం చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదన్నారు. కాలేయంలోనూ కండలోనూ కొవ్వు చేరితే ఇన్సులిన్ ఎంత పిలిచినా తలుపులు సరిగా తెరుచుకోవు. అయితే కదులుతున్న కండ ఇన్సులిన్ పిలుపు కోసం పెద్దగా ఎదురుచూడదు, చక్కెరను తనంతట తానే లాక్కుంటుంది. భోంచేశాక ఫెర్రీ వైపు, పవిత్ర సంగమం ఘాట్ మీద ఓ పావుగంట నడవమని చెప్పేది అందుకే.

ఇంత అన్నం మనకు ఎప్పటి నుంచి అలవాటైంది? కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట 1850లలో పూర్తయింది. ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. కాలవ నీళ్లు పారిన ప్రతి చోటా వరి పారింది. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి బీపీటీ 5204, అంటే మన సాంబ మసూరి, విడుదలయ్యాక సన్న బియ్యమే మర్యాద అయింది. ఇబ్రహీంపట్నం నిజానికి డెల్టా గుమ్మం. బ్యారేజీకి ఎగువన ఉంటుంది. ఉత్తరంగా మైలవరం, నందిగామ వైపు వెళ్తే మెట్ట. జొన్న, కంది, మినుము ఎరిగిన నేల. దిగువకు వెళ్తే మాగాణి. రెండు రకాల తిండీ చేతికందే ఊరు ఇది. అలాంటి చోట కూడా పళ్లెంలో వరి ఒక్కటే మిగలడం నన్ను బాధపెట్టే విషయం.

ఈ బెంగ జనానికి లేక కాదు. తెలుగువాళ్లు షుగరు తగ్గించుకోవడానికి పట్టినన్ని దారులు ఇంకెవరూ పట్టలేదేమో. విజయవాడ దగ్గరే కరకట్ట మీద మంతెన సత్యనారాయణ రాజు గారి ఆశ్రమం. ఉప్పూ నూనే లేని కూరలు, మొలకలు, పచ్చి రసాలు, పుల్కాలు. విజయవాడ నుంచే 2017-18 ప్రాంతంలో వీరమాచినేని రామకృష్ణ గారి పద్ధతి ఊరూరా పాకింది: పిండిపదార్థం దాదాపు పూర్తిగా మాని, కొబ్బరినూనె లాంటి కొవ్వుల మీద గడపడం. ఆ తర్వాత ఖాదర్ వలి గారి కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు. ఒకరు నూనె వద్దంటే ఇంకొకరు నూనె తాగమంటారు. మూడింటి వల్లా మేలు పొందామనే మనుషులు నాకు తెలుసు. ఇంత విరుద్ధమైన దారుల్లో మూడింటికీ కలిసేది ఏమిటని ఆలోచిస్తే ఒకటే కనిపిస్తుంది: తెల్లన్నం కుప్ప పళ్లెంలోంచి పోయింది, దాంతోపాటు బరువూ దిగింది. బరువు దిగడానికి ఎంత బలముందో 2017లో బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అధ్యయనం చూపింది. అక్కడ కొన్ని నెలలు సూపులూ షేకులతోనే గడిపించారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందుల్లేకుండానే మధుమేహం వెనక్కి తగ్గింది. 15 కిలోలు, ఆపైన తగ్గినవారిలోనైతే 86 శాతం మందికి.

మరి మూడు దారుల్లో ఏళ్ల తరబడి నడవగలిగేది ఏది? నా మొగ్గు మొక్కల వైపే. కొవ్వు మీద నడిచే పద్ధతిలో కొందరికి చెడ్డ కొలెస్టరాల్ బాగా పెరుగుతుంది. షుగరున్న మనిషికి గుండె ముప్పు ముందే ఎక్కువ. మొక్కల తిండిలోని పీచు షుగరునూ కొలెస్టరాల్‌నూ ఒకేసారి పట్టుకుంటుంది.

పీచు పనితనం తెలిసిన కథలో మన కూరగాయ ఒకటుంది. గోరుచిక్కుడు గింజలోంచి తీసే జిగురే గ్వార్ గమ్. పరిశోధకుడు డేవిడ్ జెంకిన్స్ బృందం 1976లో షుగరు రోగులకు భోజనంతోపాటు ఆ జిగురును, పండ్లలో ఉండే పెక్టిన్‌ను కలిపి పెట్టి చూసింది. తిన్న తర్వాత షుగరు ఎగబాకడం తగ్గింది. కడుపులో ఆ జిగురు నీళ్లు పీల్చి చిక్కని గంజిలా మారుతుంది. తిన్నది పేగులోకి మెల్లగా దిగుతుంది, చక్కెర రక్తంలోకి చుక్కచుక్కగా చేరుతుంది. ఇదే జెంకిన్స్ 1981లో టొరంటోలో 62 ఆహారాలను పరీక్షించి, ఏ తిండి షుగరును ఎంతగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచీని ప్రపంచానికిచ్చాడు. మెంతుల్లో ఉన్నదీ గోరుచిక్కుడు జిగురుకు తోబుట్టువే. మెంతులు నానేస్తే వేళ్లకు జారుతుందే, అదే. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో శర్మ, రఘురామ్ 1990ల్లో రోజుకు 25 గ్రాముల మెంతులతో షుగరు తగ్గడం చూశారు. 25 గ్రాములంటే పోపులో వేసే చిటికెడు కాదు, గుప్పెడు. ఆ చేదు రోజూ మింగడం కష్టమే. పొడి చేసి మజ్జిగలోనో, పిండిలోనో కలుపుకునేవాళ్లున్నారు.

ఇప్పుడు చిరుధాన్యాల దగ్గరకొద్దాం. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా చేయించిన ఇండియాబ్ సర్వే 2023 లెక్క ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులు, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారు. అదే సర్వే నుంచి 2025లో వచ్చిన ఆహార విశ్లేషణలో మన శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని తేలింది. బియ్యం మాని అంతే పరిమాణంలో గోధుమపిండికో చిరుధాన్యాల పిండికో మారితే ముప్పు తగ్గినట్టు కనపడలేదు. పిండిపదార్థాల్లో 5 శాతం శక్తిని తీసేసి ఆ చోట్లో పప్పుల మాంసకృత్తులో పాల మాంసకృత్తులో పెడితే తగ్గింది. అంటే రెండు గిన్నెల అన్నం బదులు రెండు గిన్నెల కొర్రన్నం తింటే కొర్రలకు చేసిన మర్యాద అవుతుంది గానీ షుగరుకు చేసిన వైద్యం అవ్వదు.

అందుకే నేను చెప్పేది ఒక్కటే: క్యారియర్ తిరగేయండి. కింది పెద్ద గిన్నెలు రెండూ కూరకీ పప్పుకీ, పై చిన్న గిన్నె అన్నానికి. కూర తింటూ అన్నం నంజుకోవాలి. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు దీన్నే లెక్కగా చెబుతాయి: 2000 కిలోకేలరీల రోజుకు కూరలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ధాన్యం మొత్తం 250 గ్రాములే. బరువు తగ్గాల్సినవాళ్లకు ఆ ధాన్యం ఇంకా తగ్గాలి. 250 గ్రాముల అన్నం తీసేస్తే 325 కిలోకేలరీలు పోతాయి. దాని బదులు 300 గ్రాముల ఆనపకాయో బీరకాయో ఒక టీస్పూను నూనెతో వండుకుంటే 90, 100కు మించవు. కడుపు అంతే నిండుతుంది. వేపుడు చేశారా, లెక్క చెడినట్టే. వంకాయ నూనె తాగినట్టు ఇంకేదీ తాగదు. పెద్ద చెంచాడు నూనె 120 దాటుతుంది.

ఇంతకంటే కట్టుదిట్టంగా, నూనె కలపని, జంతు సంబంధమైనదేదీ లేని తిండిని పరీక్షకు పెట్టారా అంటే, పెట్టారు. వైద్యుడు నీల్ బర్నార్డ్ అమెరికాలో 99 మంది షుగరు రోగుల్ని రెండు జట్లు చేసి 22 వారాలు చూసి 2006లో ప్రకటించాడు. మొక్కల జట్టుకు ఎంత తినాలన్న కొలత లేదు, పప్పుధాన్యాలూ ఆకుకూరలూ ఎక్కువగా తినమన్నారు. మందులు మార్చనివాళ్లలో మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ వాళ్లకు 1.23 పాయింట్లు తగ్గితే, మామూలు షుగరు పథ్యం చేసినవారికి 0.38. బరువు ఒకవైపు 6.5 కిలోలు, మరోవైపు 3.1.

మన వంటింట్లో ఇందుకు కొత్తగా కొనాల్సిందేమీ లేదు. పొట్టుతో నానబెట్టి రుబ్బిన పెసరట్టుకు మించిన టిఫిన్ షుగరు మనిషికి నాకు కనపడదు. బియ్యం కలపకుండా, లోపల ఉప్మా పెట్టకుండా తినాలంతే. అల్లప్పచ్చడిలో బెల్లం ఉంటుందని మరిచిపోవద్దు. తోటకూర పప్పు, దోసకాయ పప్పు, అలసందల కూర, చుక్కకూర, కాకర. ముందు కూరా పప్పూ తిని ఆఖర్న అన్నం ముట్టుకోవడం కూడా పనికొస్తుంది. 2015లో న్యూయార్క్ కార్నెల్ వైద్యులు ఆ వరస మార్చితే గంట తర్వాతి షుగరు 37 శాతం తక్కువగా ఉందని చూశారు. చూసింది 11 మందినే, కానీ ఖర్చులేని పని. బియ్యం కొనేటప్పుడు హైదరాబాదు సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి 2008లో విడుదల చేసిన మెరుగైన సాంబ మసూరి దొరికితే అది మంచిది. దాని గ్లైసీమిక్ సూచీ 51 దగ్గర. ఇక వేసవిలో నున్న మార్కెట్‌కి మామిడి దిగినప్పుడు మానేయమని ఎవరికీ చెప్పలేను. రసం తీయకుండా ముక్క కోసుకుని, ఆ పూట అన్నం మానుకుని తినండి.

జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెప్పాలి. గ్లిమిపిరైడ్ లాంటి బిళ్లలో, ఇన్సులినో వాడుతూ ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి, అది ప్రాణం మీదకూ వస్తుంది. ముందు డాక్టరుతో మోతాదు మాట్లాడుకోవాలి. బిళ్లలు సొంతంగా ఆపకూడదు. పాలూ పెరుగూ కూడా మానేసేవాళ్లకు బీ12 మొక్కల్లోంచి రాదు. మెట్‌ఫార్మిన్ బిళ్ల దాన్ని ఇంకా తగ్గిస్తుంది. అరికాళ్ల తిమ్మిరి షుగరు వల్లే అనుకుని ఏళ్లు గడిపి, చివరికి బీ12 తక్కువని తేలినవాళ్లున్నారు. బిళ్లో ఇంజెక్షనో తప్పదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ల సంగతి వేరు. మన ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు మండలం తండాల్లో ఆ జబ్బు ఎంతమందిని పట్టిందో తెలిసిందే. అలాంటివారికి ఆకుకూరలు, కొబ్బరినీళ్లు, పండ్లలోని పొటాషియం గుండెకే చేటు కావచ్చు, పప్పు కూడా కొలిచి తినాలి. వాళ్లు ఈ వ్యాసం చదివి పళ్లెం మార్చొద్దు, వైద్యుడు చెప్పినట్టే తినాలి.

మిగిలినవాళ్లకు ఒక పని. ఇంట్లో షుగరు చూసుకునే మిషన్ ఉంటే ఒక వారం ఇలా చేయండి. ఒకరోజు ఉప్మా పెసరట్టు తిని రెండు గంటలకు చూడండి. మర్నాడు అదే వేళకు ఉత్త పెసరట్టు. ఒక మధ్యాహ్నం మామూలు క్యారియర్, ఇంకో మధ్యాహ్నం తిరగేసిన క్యారియర్. అంకెలు గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే రాసుకోండి. ఈసారి డాక్టరు దగ్గరికెళ్లేటప్పుడు ఆ కాగితం చించి జేబులో పెట్టుకోండి.