స్థిరాంకమే.. అయినా ఊరికో విలువ!
కొలతల సాఫ్ట్‌వేర్‌లో ‘జి’తో జాగ్రత్త అవసరం

మేడిపల్లి: పాఠ్యపుస్తకంలో గురుత్వ త్వరణం ‘జి’ విలువ 9.8. కంప్యూటర్ ప్రోగ్రాములు వాడే కొలతల లైబ్రరీల్లో అది 9.80665. మేడిపల్లి, ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో కొలిస్తే మాత్రం సుమారు 9.783. మూడూ సరైనవే. ఏది ఎక్కడ వాడాలో తెలియకపోతే మాత్రం తూకమే తప్పుతుంది.

లైబ్రరీ అంటే..

ప్రోగ్రాములు రాసేవారికి పదేపదే అవసరమయ్యే లెక్కలను ఒకచోట సిద్ధంగా ఉంచేదే లైబ్రరీ. కొలతల లైబ్రరీ అంకెతో పాటు దాని ప్రమాణాన్నీ గుర్తుంచుకుంటుంది. మీటర్లను సెకన్లతో కూడమంటే నిరాకరిస్తుంది. పైథాన్ భాషలోని ‘పింట్’, ‘ఆస్ట్రోపై’ ఈ కోవలోనివే. ప్రమాణాలను విస్మరిస్తే ఎంత నష్టమో 1999 సెప్టెంబరు 23న తేలింది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెలను మరొకటి న్యూటన్ల లెక్కగా స్వీకరించడంతో అంగారకుడిని చేరిన నాసా నౌక ‘మార్స్ క్లైమేట్ ఆర్బిటర్’ నాశనమైంది.

మూడు రకాలు

లైబ్రరీలో చేర్చే భౌతిక స్థిరాంకాలన్నీ ఒకే తీరువి కావు.

నిర్వచించినవి: కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లని 1983లో స్థిరపరిచారు. ప్లాంక్ స్థిరాంకం 2019 మే 20 నుంచి ఇదే కోవలో చేరింది. కిలోగ్రాముకు ఇప్పుడు అదే ఆధారం. వీటిలో దోషానికి తావులేదు.

కొలిచినవి: విశ్వగురుత్వ స్థిరాంకాన్ని నేటికీ ప్రయోగాలతోనే తెలుసుకోవాలి. అందులో పది లక్షలకు 22 వంతుల అనిశ్చితి ఉంది. అంకె పక్కన ఆ పరిమితినీ నమోదు చేయాలి.

ఒప్పందంతో వచ్చినవి: 9.80665 అనేది 1901లో అంతర్జాతీయ సదస్సు అంగీకరించిన ప్రామాణిక విలువ. అది ఏ ఊరినీ ఉద్దేశించినది కాదు.

క్వింటాలుకు పావు కిలో

భూమధ్యరేఖకు దగ్గరైన కొద్దీ, ఎత్తుకు వెళ్లిన కొద్దీ ‘జి’ తగ్గుతుంది. అందుకే ప్రామాణిక విలువకు సరిచేసిన ఎలక్ట్రానిక్ కాటాను యథాతథంగా ఇక్కడ వాడితే 100 కిలోల సరకు దాదాపు 99.76 కిలోలుగా కనిపిస్తుంది. రెండు పళ్లాల త్రాసుకు ఈ చిక్కు లేదు. సరకుపైనా, రాళ్లపైనా ఒకే ఆకర్షణ పనిచేస్తుంది. ఎలక్ట్రానిక్ కాటాను వాడే చోటే ప్రామాణిక తూకపు రాళ్లతో సరిచూడవలసింది ఇందుకే.

ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ(ఎన్‌జీఆర్‌ఐ) వంటి చోట్ల ఈ విషయం మరింత కీలకం. భూగర్భ నిర్మాణాన్ని పసిగట్టే గురుత్వ సర్వేల్లో తేడాలను మిల్లీగాల్‌లలో లెక్కిస్తారు. స్థానిక విలువకు బదులు ప్రామాణిక విలువను తీసుకుంటే సుమారు 2,300 మిల్లీగాల్‌ల తేడా వస్తుంది.

పేరు, సంవత్సరం తప్పనిసరి

స్థిరాంకాన్ని చేర్చేటప్పుడు పొడి అక్షరం చాలదు. ‘జి’ గ్రాముకూ గుర్తే, ‘హెచ్’ గంటకూ గుర్తే. అందువల్ల ‘ప్రామాణిక గురుత్వం’, ‘ప్లాంక్ స్థిరాంకం’ అని పూర్తి పేరు ఇవ్వడం మేలు. సిఫార్సు విలువలను ‘కోడాటా’ అంతర్జాతీయ సంస్థ సాధారణంగా నాలుగేళ్లకోసారి సవరిస్తుంది. 2018 తర్వాతి జాబితా 2022 నాటిది. పాత లెక్కను మళ్లీ సరిచూడాలంటే నాటి విలువలూ కావాలి. అందుకే ‘ఆస్ట్రోపై’ పాత జాబితాలనూ వేర్వేరుగా భద్రపరిచింది.

మేడిపల్లి దాటి ఘట్‌కేసర్ వైపు వెళితే ఇంజినీరింగ్ కళాశాలలు అనేకం. అక్కడి విద్యార్థులు ప్రాజెక్టుల్లో స్థిరాంకాన్ని రాసే ముందు నాలుగు విషయాలు చూసుకోవాలి. విలువ, ప్రమాణం, అనిశ్చితి, ఏ సంవత్సరపు జాబితా. ‘జి’ విషయంలో అయిదోదీ ఉంది. అది ఏ ఊరి విలువ అన్నది.