ఇంటిలోని ఆటశాల



నల్లగొండ, సూర్యాపేటల దారిని హైదరాబాదునకు వచ్చు బస్సులకు నగరద్వారము ఎల్.బి. నగర్. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన పేట యిది. అచ్చట మెట్రో రైలెక్కినచో విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటిన పిమ్మట మూడవ మజిలీగా దిల్‌సుఖ్‌నగర్ వచ్చును. ఈ రైలుమార్గము 2018వ సంవత్సరము సెప్టెంబరు 24వ తేదీన తెఱవబడినది. ఈ రెండు పేటల నడుమ వీథులలో శిక్షణాలయములు, వసతిగృహములు, అద్దెగదులు కిక్కిఱిసి యున్నవి. మీ గ్రామములనుండి చదువులకై వచ్చిన మనుమలు, మనుమరాండ్రు వీనిలోనే కాపురమున్నారు.

వారిలో నెవరైన పండుగకు ఇంటికి వచ్చినపుడు, "తాతయ్యా, మా గదిలో గేమ్ సర్వర్ పెట్టుకున్నాం, ఒక పోర్టు ఓపెన్ చేశాం, మన ఊరి పిల్లలు కూడా వచ్చి ఆడొచ్చు" అని చెప్పియుందురు. ఇది విని కొందఱు పెద్దలు ముఱిసిపోవుదురు, కొందఱు జంకుదురు. ఇది ఎట్టి పని, ఇందు భయపడదగిన దేమైన కలదా యని విచారించుటయే నేటి ప్రసంగవిషయము. నేను జీవితమంతయు తెలుగు పాఠములు చెప్పినవాడను. యంత్రశాస్త్రము నా విద్య కాదు. కొత్తపేటలోని మా యింట మనుమడు ఈ పని చేయుచుండగా చెంత కూర్చుండి, అడిగి తెలిసికొని, ఆ పరిభాషను మన మాటలలోనికి మార్చి చెప్పుచున్నాను.

పులిజూదమును తలచుకొనుడు. అరుగుమీద గీసిన పటము ఒక్కటే. ఆడువారును, చూచువారును దానిచుట్టునే కూర్చుందురు. కావున పులి యెచ్చట నున్నదో, మేక యెచ్చట నున్నదో యను వివాదము రాదు. కంప్యూటరు ఆటలో ఒకడు దిల్‌సుఖ్‌నగర్‌లో నుండును; ఒకడు ఎల్.బి. నగర్‌లో నుండును, ఒకడు చౌటుప్పలలో నుండును. ఎవని తెర వానిది. అందఱకును ప్రమాణమైన పటము ఒక్కచోట నుండవలయును గదా! ఆ పటమును భరించి, ఎవరి యెత్తు నెప్పుడు వేసిరో లెక్క వ్రాసి, అందఱకును తెలుపు యంత్రమే సర్వరు. పెద్ద ఆటల పటములను వానిని చేసిన సంస్థలు తమ యంత్రశాలలలో నుంచుకొనును. కొన్ని ఆటలు మాత్రము ఇంటనే నడుపుకొనుటకు వీలిచ్చును. మైన్‌క్రాఫ్ట్ అనునది అట్టిది. దిమ్మెలు పేర్చి ఇండ్లు, కోటలు, ఊళ్లు కట్టుకొను ఈ ఆట స్వీడను దేశమున పుట్టి, 2011లో పూర్తిరూపమున వెలువడినది. దాని సర్వరు ప్రోగ్రామును ఆ సంస్థయే వెల లేకుండ నిచ్చుచున్నది.

ఇక ఇంటికి చిరునామా సంగతి. ఇంటర్నెట్టులో ప్రతి యంత్రమునకును ఒక సంఖ్య చిరునామాగా నుండవలయును. మొదట ఏర్పఱచిన పద్ధతిలో అట్టి సంఖ్యలు సుమారు 429 కోట్లు మాత్రమే. లోకమున మనుష్యులే అంతకంటె నెక్కువ. ఒక్కొక్కరి యింట నాలుగేసి యంత్రములు! 2011 ఫిబ్రవరినాటికి కేంద్ర భాండారమున నున్న సంఖ్య లన్నియు పంచుట ముగిసినది. ఈ కొఱత తీర్చుటకు పెద్దలు ముందే ఒక యుపాయము పన్నియుండిరి. ఇంటికి వెలుపలి చిరునామా ఒక్కటే. ఇంటిలోని యంత్రములకు 192.168 అను మొదలుగల లోపలి సంఖ్యలు. ఈ లోపలి సంఖ్యలు ముద్దుపేర్లవంటివి. ప్రతి యింటను ఒక చిన్నోడు, ఒక బుజ్జి యుందురు; ఆ పేరు ఆ యింటిలోనే చెల్లును గాని తపాలా బంట్రోతునకు పనికిరాదు.

వెలుపలి చిరునామాకును, లోపలి పేర్లకును నడుమ నిలుచు ద్వారపాలకుడే రూటరు. లోనివారు వ్రాసిన జాబునకు ప్రత్యుత్తరము వచ్చినచో, ఎవరు వ్రాసిరో గుర్తుంచుకొని వారికే అందించును. ఎవరును పిలువకయే వచ్చిన వానిని వాకిటనే నిలిపివేయును. ఈ కాపలా మంచిదే. అయితే ఆటకు రాదలచిన మిత్రుడుగూడ పిలువని పేరంటమునకు వచ్చినవానివలెనే కనబడును. అతనిని లోనికి రానిచ్చుటకే పోర్టు తెఱచుట యను పని కావలసివచ్చుచున్నది. పోర్టనగా ద్వారపు సంఖ్య. ఒక్కొక్క చిరునామాకు 65,535 వఱకు ద్వారములు కలవు. మైన్‌క్రాఫ్ట్ కంప్యూటరు ఆటకు వాడుకగా వచ్చు ద్వారము 25565.

చేయవలసిన పనిక్రమ మిది. ముందుగా, సర్వరు నడపు కంప్యూటరునకు లోపలి సంఖ్య మాఱకుండ రూటరులో స్థిరపఱపవలయును. లేనిచో నేడు ఒక సంఖ్య, కరెంటు పోయి వచ్చిన పిమ్మట మఱియొక సంఖ్య వచ్చి, ద్వారపాలకుడు అతిథిని వేఱొక గదిలోనికి పంపును. పిమ్మట రూటరు పట్టికలో "25565వ ద్వారమునకు వచ్చినవారిని ఈ సంఖ్యగల యంత్రముకడకు పంపుము" అని వ్రాయవలయును. కంప్యూటరులోను వేఱొక కావలి యుండును. ఆ ఆట కొక్కదానికే అచ్చటను అనుమతి నీయవలయును. కడపట పరీక్ష. ఇంటి వైఫైతో పరీక్షించిన, లోనివాడు తన తలుపు తానే తట్టినట్లుండును, నిజము తెలియదు. ఫోనులోని మొబైల్ డేటాతో వెలుపలినుండి తట్టి చూడవలయును.

ఇవి యన్నియు సరిగా చేసినను ఒక్కొక్కచోట పని సాగదు. మా మనుమని మిత్రుడు ఎల్.బి. నగర్‌లోని తన యింట మొదట సర్వరు పెట్టెను. రెండు సాయంకాలములు శ్రమపడినను దిల్‌సుఖ్‌నగర్ మిత్రులు లోనికి రాలేకపోయిరి. కారణము ఇది: చిరునామాల కొఱతచే కొన్ని సంస్థలు అనేక గృహములకు కలిపి ఒక్కటే వెలుపలి చిరునామా నిచ్చును. వీథి కంతకును ఒక్క పెద్దదర్వాజా యున్నట్లు. మన యింటి తలుపు మనము తీసినను వీథి దర్వాజా మన యధీనమున లేదు. రూటరునకు వెలుపలివైపు వచ్చిన సంఖ్య 100.64 మొదలు 100.127 వఱకు గల వరుసలోనిదైనచో ఇట్టి యేర్పాటే యని తెలిసికొనవచ్చును. అట్టి సంఖ్యలను 2012లో ఈ పనికే ప్రత్యేకించిరి. సంస్థకు వ్రాసి, అడిగిన రుసుము చెల్లించి, సొంత చిరునామా తీసికొనుట ఒక మార్గము. ఆఱవ పద్ధతి యను క్రొత్త చిరునామాలను వాడుట మఱియొకటి. అందు సంఖ్యలకు కొఱత లేదు, మన దేశమునను అది బాగుగా వ్యాపించినది. ఆ బాలురు మూడవ మార్గము పట్టిరి: సొంత చిరునామా గల మా యింటికి సర్వరును మార్చుకొనిరి.

దూరదేశపు సర్వరులుండగా ఇంట నేల యని యడుగవచ్చును. గోలకొండ కోటలో ఫతే దర్వాజాకడ చప్పట్లు కొట్టిన, ఆ ధ్వని బాలా హిస్సారు శిఖరమున వినవచ్చును. ధ్వని కిలోమీటరు పోవుటకు సుమారు మూడు సెకనులు పట్టును. ఫైబరను గాజుతీగలో వెలుగు సెకనునకు సుమారు రెండు లక్షల కిలోమీటరులు పోవును. హైదరాబాదునుండి సింగపూరునకు తిన్నగా మూడువేల మూడువందల కిలోమీటరులు. పోయి వచ్చుటకు ఎంత లేదన్నను సెకనులో ముప్పదవ వంతు కావలయును, నడుమ మజిలీలచే అది యింకను పెరుగును. ఎల్.బి. నగర్‌నుండి దిల్‌సుఖ్‌నగర్‌నకు నాలుగైదు కిలోమీటరులే. అయితే రెండిండ్లకును వేఱు వేఱు సంస్థల తీగ లున్నచో, ఆ రెండును ఒకచోట కలియవలయును. 2003లో నెలకొల్పిన నిక్సి యను సంస్థ హైదరాబాదునను అట్టి కూడలిని నడుపుచున్నది. ఇచ్చట కలియనిచో ప్రక్కవీథి జాబు ముంబయికో, చెన్నపట్టణమునకో పోయి తిరిగి వచ్చును! ఈ యాలస్యమునే పిల్లలు లాగ్ అందురు. దానిని తగ్గించుటకు సర్వరును వైఫైతో గాక తీగతో రూటరునకు కలుపుట మేలు. ఇంటికి వచ్చు వేగముకంటె ఇంటినుండి పోవు వేగమును ముఖ్యముగా చూడవలయును. ఏలయన సర్వరు పని వడ్డించుటయే. రూటరునకును కంప్యూటరునకును ఇన్వర్టరు ఉండుట యవసరము.

ఇప్పుడు భయము సంగతి. తెఱచిన తలుపునకు మిత్రుడు, దొంగ యను భేదము తెలియదు. 2016లో మిరాయి యను దుష్టప్రోగ్రాము, కర్మాగారమున వేసిన సంకేతపదమును యజమానులు మార్చని కెమెరాలను, రూటరులను లక్షలకొలది వశపఱచుకొనెను. దానిని వ్రాసిన అమెరికా యువకులకు తొలి గుఱులు మైన్‌క్రాఫ్ట్ సర్వరులే. 2017 డిసెంబరులో వారు నేరము నంగీకరించిరి. 2021 డిసెంబరులో మఱియొక వింత బయటపడెను. ఆటలో ముచ్చటించుకొను చోట ఒక వంకర వాక్యము వ్రాసినంతమాత్రమున సర్వరు పరుల వశమగునట్టి లోపము, జావా భాషలోని ఒక వాడుక పరికరమున కనబడినది. సవరించిన ప్రతిని సంస్థ వెంటనే విడుదల చేసెను. దానిని తెచ్చి పెట్టుకొన్నవారు బ్రతికిరి. ఉపేక్షించినవారి యిండ్లు తెఱచిన కొట్టములైనవి.

కావున మీ మనుమని ఇట్లు ప్రశ్నింపుడు. రూటరు సంకేతపదమును మార్చితివా? ఒక్క ద్వారమునే తెఱచితివా, లేక అన్నియునా? యంత్రములు తమంతట తామే ద్వారములు తెఱచుకొను యేర్పాటును, యూపీఎన్పీ యను దానిని, మూసితివా? ఎఱిగినవారి పేర్ల పట్టిక వ్రాసి, అందు లేనివారిని రానీయకుండ చేసితివా? సర్వరు ప్రోగ్రామును క్రొత్త ప్రతికి మార్చుచున్నావా? బ్యాంకు పనులు చేయు కంప్యూటరునే సర్వరుగా పెట్టితివా? ఆట లేనపుడు ద్వారము మూయుచున్నావా? ఈ ప్రశ్నలకు తడబడక సమాధానము చెప్పు బాలుడు తాను చేయు పని నెఱిగినవాడు, నిశ్చింతగా నుండవచ్చును. తడబడినచో కోపింపక, నేర్చుకొని చెప్పుమనుడు.

ఇంకొక మాట. ధర్మరాజు సభలో నాడిన జూదమునకును, మన పిల్లలు దిమ్మెలతో కోటలు కట్టుటకును భేదము కలదు. ఆటను చూచి జూదమని తిట్టరాదు. జూదమును చూచి ఆట యని యూరకుండరాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము జూదముల చట్టమును సవరించి ఆన్‌లైను పందెములను గూడ నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు ధనము నొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను దేశమంతటను నిషేధించు చట్టము చేసినది. మీ మనుమని సర్వరులో రూపాయి మాట వచ్చినచో అచ్చటనే ఆపుడు.

రాని చోట మిత్రులు తాత్కాలికముగా కలిసికొను అరుగు వంటిది ఈ సర్వరు. పూర్వము మన యూళ్లలో అరుగు లేని యిల్లు లేదు. నేటి నగరపు గదులకు అరుగులు లేవు. ఆ కొఱతను బాలురు తమ విద్యతో పూరించుకొనుచున్నారు. అరుగు వేసిన గృహస్థుడు రాత్రి తలుపు గడియ వేయుట మఱవడు. ఆ గడియ వేయు నలవాటును వారికి నేర్పవలసినవారము మనము.