పాత కారులో తెలియని చప్పుడు

పాత బండి యింట నున్నవారికి చప్పుడు క్రొత్త గాదు. తలుపు కిరకిరలాడును. డిక్కీలోని జాకీ దొరలును. అద్దము తన గాడిలో గలగలమనును. కొన్నాళ్ళకు చెవి వీని నన్నిటిని మరచిపోవును. నిన్న లేని చప్పుడొకటి నేడు వినవచ్చినపుడే మనకు చిక్కు వచ్చి పడును.

మా యింటి అంబాసిడరు నాన్నగారు కొన్నది. మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ నమూనా ననుసరించి ఉత్తరపాడాలోని హిందుస్థాన్ మోటార్సువారు చేసిన యీ బండ్ల తయారీ 2014 మే నెలలో నిలిచిపోయినది. నాయుడుపేట నుండి చెన్నైకి 100 కిలోమీటర్లకు పైబడిన దారి. నెలకొకమారు నాన్నగారిని వైద్యునికి చూపుటకు ఆ బండిలోనే పోవుచుంటిమి. వేరొక బండి నెక్కుమన్న ఆయన ఒప్పుకొనరు. అట్టి దినములలో, సందు మలుపున బండి కదలగానే వెనుకనుండి ‘టక్కు’మని యొక చప్పుడు మొదలైనది. ఒక్కమారే. తరువాత మైళ్ళకొలది నిశ్శబ్దము.

రహదారి ప్రక్క షెడ్డులో చూపగా, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు అరిగినవనిరి. అది సబబైన ఊహయే. ఆ కీలు వదులైనచో బండి లాగునపుడు అట్టి చప్పుడే వచ్చును. రెండు క్రాసులు మార్పించితిమి. డబ్బు వ్యయమైనది, చప్పుడు మాత్రము పోలేదు. బండిని అమ్మివేయుడని చెప్పినవారును కలరు.

అప్పుడు మేము చేసిన పని యొక్కటే. ఒక చిన్న పుస్తకము తీసికొని, చప్పుడు ఎప్పుడు వచ్చుచున్నదో, ఎప్పుడు రాకున్నదో వారము దినములు వ్రాసి యుంచితిమి.

బండిలోని ప్రతి చప్పుడునకు ఒక యజమాని యుండును. బండిని నిలిపి ఇంజను వేగము పెంచినపుడు చప్పుడును పెరిగినచో అది ఇంజనుది. బండి పోవుచుండగా గేరు తీసివేసినను మారనిచో చక్రములవైపు చూడవలెను. చక్రపు చప్పుడును లెక్కింపనుకూడవచ్చును. అంబాసిడరు చక్రపు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 10 కిలోమీటర్ల వేగమున అది నిమిషమునకు 80కి పైగా తిరుగును, అనగా ఇంచుమించు మన నాడి కొట్టుకొన్నట్లు. షాఫ్టు అంతకు నాలుగు రెట్లకు పైగా తిరుగును గనుక దాని చప్పుడు లెక్కకందదు. ఒక ప్రక్కకు తిప్పినపుడు హోరు హెచ్చి, రెండవ ప్రక్కకు తిప్పినపుడు తగ్గినచో, బరువు పడిన చక్రపు బేరింగును అనుమానింపవలెను. స్వర్ణముఖి వంతెనపై వినవచ్చు ‘దబ్ దబ్’ మాత్రము బండిది కాదు, వంతెన అతుకులది. దానిని కూడ మా పుస్తకములో వ్రాసికొని రెండు దినములు వృథాగా చింతించితిమి!

మా చప్పుడు వీనిలో దేనికిని చెందలేదు. బండి ముందునకు కదలినపుడు ఒకమారు, బ్రేకు నొక్కినపుడు ఒకమారు, వెనుకకు తీసినపుడు మరొకమారు వచ్చుచుండెను. అనగా బలము దిక్కు మారిన ప్రతిసారి ఏదో యొకటి అటునుండి యిటు జరుగుచున్నదన్నమాట. జనసంచారము లేని మట్టిబాటలో, మెల్లగా పోవుచు, గేరు తీసివేసి బ్రేకు నొక్కితిమి. చప్పుడు వచ్చినది. అప్పుడు షాఫ్టుపై ఇంజను లాగుడు లేదు గనుక క్రాసులు నిర్దోషులని తేలినవి. మరల అట్లే నడచు వేగమున పోవుచు చేతి బ్రేకు మాత్రమే లాగితిమి. అది వెనుక చక్రములనే పట్టును. అప్పుడును చప్పుడు వచ్చినది. ఇక ముందుభాగము నంతటిని విడిచిపెట్టవచ్చును.

ఈ పుస్తకమును వయసు మళ్ళిన యొక లారీ మేస్త్రీకి చూపితిమి. ఆయన చదువలేదు, చెప్పగా వినెను. ముందు చక్రములకు ఇరుప్రక్కల దిమ్మలు పెట్టించి, బ్రేకులు వదలించి, మొదటి గేరులో కొంచెము లాగించి, పిమ్మట రివర్సులో లాగించెను. “అయ్యా, కింద దూరబాకండి. ముందరా ఎనకా కూడా నిలబడబాకండి. పక్కనుంచి వంగి చూడండి” అనెను. చూడగా వెనుక ఇరుసు కమాను కట్టపై వెంట్రుకవాసి జరిగినది, ‘టక్కు’మన్నది. అతుకు చుట్టును కుంకుమవలె ఎఱ్ఱని పొడి కలదు. బిగువుగా నుండవలసిన రెండు ఇనుములు ఒకదానిపై నొకటి ఒరసికొనుచున్నచో అట్టి త్రుప్పుపొడి రాలును.

“కమాను కట్టలు ఎప్పుడు మార్చినారు?” అని ఆయన అడిగెను. అంతకుముందు సంవత్సరము వేరొకచోట క్రొత్త పట్టీలు వేయించియుంటిమి. క్రొత్త పట్టీలు బరువునకు ఒకదానిపై నొకటి సర్దుకొనును. అంతట వానిని ఇరుసునకు కట్టియుంచు యు బోల్టులు వదులగును. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట వానిని మరల బిగింపవలెను. ఆ మాట మాతో నెవరును చెప్పలేదు, మేమును అడుగలేదు.

బోల్టులు విప్పి చూడగా మా వెన్ను జలదరించినది. కట్ట నడుమ నుండు సెంటరు బోల్టు సగమునకు పైగా కోసికొనిపోయియుండెను. అది తెగినచో ఇరుసు ఒకవైపు వెనుకకు జరుగును. అప్పుడు మన చేతిలోని చక్రము ఒక దారిని, వెనుక చక్రములు వేరొక దారిని బండిని త్రిప్పును. లారీల నడుమ, రహదారి వేగమున, వెనుక సీటులో నాన్నగారు!

సెంటరు బోల్టును, నాలుగు యు బోల్టులను క్రొత్తవి వేసి మేస్త్రీ బిగించెను. వారము తరువాత మరల తీసికొని రమ్మనెను. పోయితిమి. ప్రతి మరయును మరికొంచెము తిరిగినది.

ఆ నెలలో చెన్నై ప్రయాణమున సూళ్ళూరుపేట దాటువరకు మాలో నెవరును మాటలాడలేదు, చెవులు వెనుకనే యున్నవి. నాన్నగారు నిద్రపోయిరి. తలుపు కిరకిర మాత్రము నేటికిని కలదు.