మంచు చిరుత వస్తే ఊరికి నష్టమా, లాభమా? రుంబక్ కథ

బైక్ మీద లడాఖ్ వెళ్లాలని మనలో చాలామందికి ఉంటుంది. వెళ్లొచ్చినవాళ్ల రీల్స్‌లో ఏం కనిపిస్తాయి? పాంగోంగ్ సరస్సు, ఖార్దుంగ్ లా బోర్డు. అంతే కదా. ఇవాళ మనం వాటి జోలికి పోకుండా, లేహ్‌కి దగ్గర్లోనే ఉన్న రుంబక్ అనే ఊరి గురించి మాట్లాడుకుందాం. 1981లో ఏర్పడిన హెమిస్ నేషనల్ పార్క్ లోపల ఉంటుంది. జింగ్‌చెన్ దాకా బండి మీద వెళ్లి, అక్కడి నుంచి లోయలో నడవాలి. పట్టుమని ఇరవై ఇళ్లు కూడా ఉండవు.

ముందు ఒక రాత్రిని ఊహించుకోండి. మీకున్న ఆస్తల్లా కొన్ని గొర్రెలు, మేకలు. వాటిని రాళ్లతో కట్టిన దొడ్డిలో తోలి పడుకున్నారు. దొడ్డికి పైకప్పు సగమే ఉంది. ఆ సందులోంచి మంచు చిరుత లోపలికి దూకింది. ఒక్కదాన్ని తిని వెళ్లిపోతుందా అంటే, కాదు. గొర్రెలు బెదిరిపోయి చుట్టూ పరిగెడుతుంటే అందినదాన్నల్లా కొరికేస్తుంది. తెల్లారి చూస్తే ఒక ఇంటి జీవనాధారం మొత్తం నేల మీద పడి ఉంటుంది. ఒక్కోసారి చిరుత కూడా బయటికి రాలేక అక్కడే ఉంటుంది.

అప్పుడు మీరేం చేస్తారు? జీవహింస పాపమని గట్టిగా నమ్మే బౌద్ధులున్న ప్రాంతమే అయినా, కోపంతో చిరుతల్ని చంపిన సందర్భాలున్నాయి. వాళ్లను తప్పుపట్టడం మనకి ఈజీ. పోయింది మన మేకలు కాదు కాబట్టి!

అసలు తిక్క ఎక్కడుందంటే, అదే లోయలోకి టూరిస్టులు ఎప్పటినుంచో వస్తున్నారు. కానీ టెంట్లు, రేషను, వంటవాళ్లు అన్నీ ఏజెన్సీలు లేహ్ నుంచే తెచ్చేవి. డబ్బు కూడా అటే పోయేది. ఊరికి మిగిలేది చాలావరకు చెత్త. అంటే చిరుత వల్ల నష్టం ఊరిది, చిరుత ఉండే అందమైన లోయ వల్ల లాభం ఇంకొకరిది అన్నమాట.

దీన్ని మార్చడానికి స్నో లెపర్డ్ కన్జర్వెన్సీ అనే సంస్థ తరఫున లడాఖ్‌కే చెందిన రిన్‌చెన్ వాంగ్‌చుక్ లాంటివాళ్లు ఊళ్లవాళ్లతో కూర్చుని మాట్లాడారు. ముందు దొడ్డి సంగతి చూశారు. పైన దూలాలు వేసి ఇనుప వల బిగించారు, గట్టి తలుపు పెట్టారు. వల, కలప బయటి సాయం. రాళ్లు, కష్టం ఊరివాళ్లవి. వినడానికి చిన్న పనే, కానీ రాత్రి నిద్ర పట్టేది దానివల్లే.

తర్వాత 2002 ప్రాంతంలో హోమ్‌స్టేలు మొదలయ్యాయి. హోటల్ కట్టలేదు. ఉన్న ఇంట్లోనే ఒక గది. ఇంట్లో వండే స్క్యూ, ఉప్పు వేసిన వెన్న టీ. లడాఖీ పద్ధతి డ్రై టాయిలెట్, అంటే నీళ్లుండవు, మట్టి చల్లుతారు, అది తర్వాత పొలానికి ఎరువవుతుంది. ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని చోట ఫ్లష్ అడగడం మన తప్పే. నడిపేది ఎక్కువగా ఆడవాళ్లు, డబ్బు వచ్చేది వాళ్ల చేతికే.

నాకు బాగా నచ్చింది రొటేషన్. వచ్చిన గెస్టులు వంతులవారీగా ఒక్కో ఇంటికి వెళ్తారు. ఇంగ్లీష్ బాగా వచ్చినవాడో, రోడ్డు పక్కన ఇల్లున్నవాడో మొత్తం ఎగరేసుకుపోవడం కుదరదు. ఆదాయంలో దాదాపు 10 శాతం ఊరి ఉమ్మడి నిధికి వెళ్తుంది. చెత్త తీయడం, మొక్కలు నాటడం లాంటి పనులకి. ఈ వంతు లేకపోతే ఏమవుతుందో ఆలోచించండి. మేకలు అందరివీ పోతాయి, డబ్బు ఇద్దరికే వస్తుంది. మిగతా ఇళ్లకి చిరుత మళ్లీ శత్రువే.

2024 జనవరిలో వచ్చిన లెక్క ప్రకారం దేశంలో 718 మంచు చిరుతలుంటే, అందులో 477 లడాఖ్‌లోనే ఉన్నాయి. ఇదంతా హోమ్‌స్టేల వల్లే అని నేను అనను, అలా అంటే అబద్ధం అవుతుంది. ట్రెక్ దారికి దూరంగా ఉన్న ఊళ్లకి గెస్టులే రారు, నష్టం మాత్రం వస్తుంది. ఇంకో తలనొప్పి కుక్కలు. టూరిస్టులు, క్యాంపులు పడేసే తిండి మీద ఊరకుక్కలు పెరిగిపోయి, గుంపులుగా అడవి జంతువుల మీద పడుతున్నాయి.

మీరు వెళ్తే బుక్ చేసేముందు ఒక్క మాట అడగండి: "మీ ఊళ్లో వంతుల పద్ధతి ఉందా?" చిరుత కోసమైతే జనవరి నుంచి మార్చి మధ్య వెళ్లాలి, అప్పుడు అవి కిందికి దిగుతాయి. స్కోప్ పట్టుకుని కొండ మీద దాన్ని వెతికిపెట్టేది కూడా చాలాసార్లు ఊరివాళ్లే, వాళ్ల కూలీ దగ్గర బేరం ఆడొద్దు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది, రుంబక్ ఇంకా పైన. కాబట్టి లేహ్‌లో కనీసం రెండు రోజులు ఆగి, ఒంటికి అలవాటయ్యాకే పైకి నడవండి.