మిర్చి కల్లం నుంచే పరిశ్రమకు పునాది: జూలూరుపాడు ప్రాంతంలో స్థానిక సంస్థల పాత్ర

ఒక పంటను పండించే రైతులు, దానిని శుద్ధి చేసే పరిశ్రమలు, రవాణాదారులు, వర్తకులు ఒకే ప్రాంతంలో పరస్పరం ఆధారపడి వృద్ధి చెందినప్పుడు ఆ సముదాయాన్ని పారిశ్రామిక క్లస్టర్‌గా వ్యవహరిస్తారు. నైపుణ్యం గల శ్రామికుల లభ్యత, అనుబంధ వృత్తుల ఏర్పాటు, పరిజ్ఞాన వ్యాప్తి అనే మూడు ప్రయోజనాలు ఇటువంటి సముదాయాలకు ఉంటాయని ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లోనే వివరించారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఇటువంటి సముదాయాలు లేకపోలేదు. అయితే జూలూరుపాడు మండల రైతులు పత్తితో పాటు విస్తారంగా పండించే మిర్చికి మాత్రం అటువంటి అల్లిక పూర్తిగా ఏర్పడలేదు.

పూర్తయిన రెండు గొలుసులు

సారపాకలోని కాగితపు కర్మాగారం 1979లో ఉత్పత్తి ప్రారంభించింది. దాని ముడిసరుకు అవసరం కారణంగా మేలైన జామాయిల్ క్లోన్లు, నర్సరీలు, కలప రవాణా చుట్టుపక్కల విస్తరించాయి. ఆయిల్ పామ్ విషయంలో ఈ బంధాన్ని చట్టమే కల్పించింది. 1993 నాటి ఆయిల్ పామ్ చట్టం ప్రకారం ప్రతి కర్మాగారానికి నిర్దిష్ట ప్రాంతాన్ని కేటాయిస్తారు. ఆ ప్రాంతపు గెలలను ఆ కర్మాగారమే కొనుగోలు చేయాలి. కోసిన గెలలు 24 గంటల్లోగా మిల్లుకు చేరకపోతే నూనెలో ఆమ్లత్వం పెరుగుతుంది. అందువల్ల అశ్వారావుపేట, అప్పారావుపేట మిల్లులు తోటలకు సమీపంలోనే నెలకొన్నాయి.

మిర్చిలో తెగిన లంకె

మిర్చికి ఇటువంటి బంధం లేదు. ఎండిన కాయ నిల్వకూ దూర ప్రయాణానికీ తట్టుకుంటుంది కాబట్టి సరుకు నేరుగా ఖమ్మం మార్కెట్‌కు తరలిపోతుంది. అక్కడ ఉదయం పలికే జెండా పాట ధర మేలైన లాటుకు మాత్రమే దక్కుతుంది. తేమ, తాలు కాయల శాతాన్ని బట్టి మిగిలిన సరుకు ధర తగ్గుతుంది. ఈ వ్యత్యాసానికి మూలం చాలావరకు కల్లంలోనే ఉంది.

కోత సమయంలో పండుకాయలో దాదాపు 75 శాతం తేమ ఉందనుకుంటే, 100 కిలోల కాయలో ఎండు పదార్థం 25 కిలోలు. తేమను 10 శాతానికి తగ్గిస్తే 27.8 కిలోల ఎండుమిర్చి వస్తుంది. 14 శాతం వద్ద ఆపితే 29.1 కిలోలు తూగుతుంది. అంటే సరిగా ఆరబెట్టిన రైతు తూకంలో సుమారు నాలుగున్నర శాతం నష్టపోతాడు. తేమను కొలిచి తగిన ధర చెల్లించకపోతే నాణ్యత పాటించినవాడికే నష్టం. మరోవైపు నేలపై ఆరబెట్టిన, అకాల వర్షానికి తడిసిన కాయల్లో ఆస్పర్జిల్లస్ శిలీంధ్రం పెరిగి అఫ్లాటాక్సిన్ ఏర్పడే ప్రమాదం ఉంది. ఐరోపా సమాఖ్య మిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1ను కిలోకు 5 మైక్రోగ్రాములకు, మొత్తం అఫ్లాటాక్సిన్లను 10 మైక్రోగ్రాములకు పరిమితం చేసింది. ఈ పరిమితికి లోబడిన సరుకు నిలకడగా లభిస్తుందన్న నమ్మకం లేనిచోట ఎగుమతి ప్రమాణాలు పాటించే శుద్ధి పరిశ్రమ స్థిరపడదు.

స్థానిక సంస్థలు చేయదగినవి

కర్మాగారాన్ని రప్పించడం గ్రామ పంచాయతీ శక్తికి మించిన పని. దానికి అవసరమైన సరుకు తయారయ్యే పరిస్థితిని కల్పించడం మాత్రం దాని పరిధిలోనిదే. 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 11వ షెడ్యూల్‌లోని 29 అంశాల్లో వ్యవసాయం, ఆహారశుద్ధితో సహా చిన్న పరిశ్రమలు, రోడ్లు, సంతలు ఉన్నాయి.

మొదటిది, ఉమ్మడి సిమెంటు కల్లాలు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి కేటాయించిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికి ప్రత్యేకించగా, మిగిలిన 40 శాతాన్ని ఈ 29 అంశాల్లోని స్థానిక అవసరాలకు వినియోగించే వీలు కల్పించింది. ఉపాధి హామీ పథకం కింద తెలంగాణలో నిర్మించిన కల్లాలపై కేంద్రం 2022లో అభ్యంతరం తెలిపిన దృష్ట్యా, ఒకే పథకంపై ఆధారపడకుండా వార్షిక ప్రణాళికలో కల్లాలకు చోటు కల్పించడం మేలు. సొంత స్థలం లేని కౌలురైతులకు ఉమ్మడి కల్లం మరింత అవసరం.

రెండవది, తేమ కొలత. కల్లం వద్దనే తేమమాపకంతో పరీక్షించి, గ్రేడు చేసిన లాట్లను రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారా అమ్మితే, తూకంలో కోల్పోయినది ధరలో తిరిగి పొందేందుకు బేరమాడే బలం రైతుకు చేకూరుతుంది.

మూడవది, చిన్న శుద్ధి యూనిట్లు. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహారశుద్ధి పరిశ్రమల పథకం వ్యక్తిగత యూనిట్లకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ కల్పించింది. తొడిమ తీత, కారం పట్టడం, ప్యాకింగ్ వంటి పనులకు మహిళా సంఘాలను ఎంపిక చేసి స్థలం, విద్యుత్తు సమకూర్చడం పంచాయతీలు చేయగల సహాయం.

నిధుల విషయంలో ఒక అసమతుల్యత ఉంది. మిర్చి అమ్మకంపై 1 శాతం మార్కెట్ రుసుము సరుకు అమ్ముడైన చోటి మార్కెట్ కమిటీకి చేరుతుంది. నాణ్యతను కాపాడే ఖర్చు మాత్రం పండిన గ్రామంపై పడుతుంది. ఈ రాబడిలో కొంత భాగాన్ని ఉత్పత్తి గ్రామాల కల్లాలకు, పొలం దారులకు మళ్లించే విధానాన్ని ప్రభుత్వం పరిశీలించాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు ఇప్పటివరకు విత్తనం నుంచి కోత వరకే ఎక్కువగా సలహాలు అందిస్తున్నారు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు సాగే కోతల కాలంలో కల్లాల వారీగా తేమ, తాలు శాతం, పొందిన ధరలను నమోదు చేసి గ్రామసభ ముందుంచగలిగితే, కల్లం నిర్మాణం ఎంత ఆదాయాన్ని నిలుపుతుందో సర్పంచికీ రైతుకూ లెక్కలతో తెలుస్తుంది. జూలూరుపాడు వంటి మండలాల్లో పరిశ్రమకు మొదటి పెట్టుబడి ఆ లెక్కే.